పది బై పది సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: ఈస్ట్ ఫేసింగ్, టూ బీహెచ్‌కే, మాస్టర్ బెడ్‌రూమ్ 10×10, పక్కా వాస్తు.

టీక: ఈస్ట్ ఫేసింగ్ = తూర్పు ముఖము గలదియు; టూ బీహెచ్‌కే = రెండు పడకగదులు, ఒక హాలు, ఒక వంటగది గలదియు; పక్కా వాస్తు = ఆగ్నేయమున పొయ్యి, నైరుతిన యజమాని పడక గలదియు నగు; 'ఇల్లు' అని అధ్యాహారం. మూలకారుడు ఆ ఒక్క మాటా వేయడం మరిచిపోయాడు. తక్కినవి సుబోధాలు. చిక్కంతా 10×10 దగ్గరే. గంగలో పల్లె అంటే గంగ ఒడ్డున పల్లె అని లక్షణచేత సరిపెట్టుకున్నట్టు, ఇక్కడ పది అడుగులంటే గోడ నడిమి నుంచి గోడ నడిమికి అని చెప్పుకోవాలి. బయటి గోడ 9 అంగుళాలు, లోపలిది నాలుగున్నర. రెంటిలో సగాలు తీసేస్తే గదికి దక్కేది 9 అడుగుల ఐదుంపావు అంగుళాలు. పూత మందం వేరే. లోపలి కొలతే వేసే ప్లానులూ ఉన్నాయి. మనది ఏదో అడిగి తెలుసుకోవాల్సిందే.

తాత్పర్యం: గదిని అడుగుల్లో కాదు, సామానుతో చదవాలి. ఆరు అడుగుల వెడల్పు, ఆరున్నర పొడవు డబుల్ కాట్ వేద్దాం. తల దక్షిణానికి. నైరుతి మూలన ఉత్తరం చూసే బీరువా, మూడడుగులు. ఆరూ మూడూ తొమ్మిది, మిగిలింది ఐదుంపావు అంగుళాలు. మంచం తూర్పు గోడకు అతుక్కుపోతుంది. గోడవైపు పడుకున్నవారు రాత్రి లేవాలంటే పక్కవారిని దాటాలి, లేదా కాళ్లవైపు పాకాలి. కాళ్లవైపు ఉన్నది 2 అడుగుల పదకొండుంపావు అంగుళాలే, అక్కడ 3 అడుగుల ద్వారం పెట్టి తలుపు లోపలికి తెరిస్తే మనిషికి దారి లేదు. కాబట్టి తలుపు ఉత్తరపు గోడకు పడమటి చివరనే రావాలి. అంటే తలుపు చోటు నిర్ణయించింది మేస్త్రీ కాదు, బీరువా. మరి అటాచ్డ్ బాత్రూము తలుపు ఏ గోడకో మూలకారుడినే అడగాలి.

పూర్వపక్షం: దిక్కులు కుదిరాక ఈ అంగుళాల గోలెందుకు? సమాధానం: వాస్తు గది ఏ మూలనో చెబుతుంది, తలుపు రెక్క మంచానికి తగులుతుందో లేదో చూసుకోవడం మనకే వదిలేసింది. పైగా పై లెక్కలో మంచమూ బీరువా ఒకే గోడకు పోటీపడ్డది వాస్తు పాటించబట్టే. అంచేత వాస్తు నమ్మేవారికే టేపు అవసరం ఎక్కువ. మరొకరి ఆక్షేపణ: జాతీయ భవన నిర్మాణ నియమావళి రెండు గదులుంటే ఒకటి 9.5, రెండోది 7.5 చదరపు మీటర్లుంటే చాలంటుంది. ఈ గది దాదాపు 8 ఉంది కదా? ఉంది. అయితే నియమావళి చెప్పేది అంతకంటే తగ్గకూడదని. బీరువా తలుపు తెరుచుకుంటుందని హామీ ఇవ్వదు. గది రెండడుగులు పెంచితే హాలు తగ్గుతుందనేది అసలు బలమైన ఆక్షేపణ. తగ్గుతుంది. కానీ చాలా హాళ్లలో గోడకో తలుపు ఉండి, సోఫా వేయడానికి గోడే దొరకదు. అక్కడ రెండు తలుపులు ఒక మూలకు జరిపితే పోయిన రెండడుగులూ వెనక్కి వస్తాయి.

ప్రయోగం: పునాదికి ముగ్గు పోసే రోజున గోడలతోపాటు మంచానికి, బీరువాకు, ఫ్రిజ్జుకు, తలుపు రెక్క తిరిగే పావు చందమామకూ ముగ్గు పోయించాలి. ఆ గీతలు తొక్కకుండా బిందె పట్టుకుని వంటింటి నుంచి పడకగదికి నడిచి చూడాలి. అప్పటికింకా చెరిపేయడానికి చీపురు చాలు.