నెట్‌వర్కు గారు

ఆయన అసలు పేరు జీతాల సెక్షన్‌కే తెలుసు. మిగతా అందరికీ నెట్‌వర్కు గారే. నెట్ నడిచినన్నాళ్లూ ఆయన ఉన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. ఆగిందా, మేనేజరుతో సహా అందరూ ఆయన కుర్చీ చుట్టూ మూగుతారు.

కొత్త సిస్కో రూటర్ వస్తే ఆయనకి పండగే. కన్సోల్ కేబుల్ మెళ్లో వేసుకుని ర్యాక్ ముందు బాసింపట్టు వేస్తాడు. పక్కన చేతిసాయానికో కుర్రాడు.

"టెల్‌నెట్‌లో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు పోతుందయ్యా, దారిలో ఎవడైనా చదువుకోవచ్చు. 1995లో ఫిన్లండులో ఒక యూనివర్సిటీలో అదే జరిగింది. అక్కడి పరిశోధకుడు తాటు యులోనెన్‌కి ఒళ్లుమండి, టెల్‌నెట్‌కి బదులు ఎస్‌ఎస్‌హెచ్ రాసిపారేశాడు. ఎఫ్‌టీపీది పోర్టు 21, టెల్‌నెట్‌ది 23. మధ్యలో 22 ఖాళీగా ఉంటే అడిగి పుచ్చుకున్నాడు."

కుర్రాడు ఇది ప్రతి రూటర్‌కీ వింటాడు.

హోస్ట్‌నేమ్, డొమైన్‌నేమ్ పెట్టందే ఎస్‌ఎస్‌హెచ్‌కి కావలసిన ఆర్‌ఎస్‌ఏ కీ పుట్టదు. "పేరూ ఇంటిపేరూ లేనివాడికి తాళాలెలా ఇస్తామయ్యా?" అంటాడు. ఎన్ని బిట్లని రూటర్ అడిగితే కుర్రాడు ఎంటర్ కొట్టబోతాడు. చెయ్యి పట్టుకుని ఆపి 2048 కొట్టిస్తాడు. ఆ తర్వాత వీటీవై లైన్లలో ఎస్‌ఎస్‌హెచ్ తప్ప ఇంకేదీ దూరకుండా చేస్తాడు. తొలిసారి లాగిన్ అయినప్పుడు పుట్టీ చూపించే ఫింగర్‌ప్రింట్‌కి లోకమంతా కళ్లు మూసుకుని సరే అనేస్తుంది. ఈయన మాత్రం డైరీ తీసి అక్షరమక్షరం సరిచూస్తాడు. సొంత బావమరిదికి ఇంటి వైఫై ఇచ్చేటప్పుడు కూడా ఇంత ఆరా తీశాడని విన్నాం.

లోకాన్ని నమ్మేదే తక్కువ, తన్ను తాను అంతకన్నా తక్కువ నమ్ముతాడు. దూరాన బ్రాంచి రూటర్‌లో యాక్సెస్ లిస్ట్ మార్చాలంటే ముందు 'రీలోడ్ ఇన్ 10' కొడతాడు. పొరపాటున తన్నే బయట పెట్టి తలుపేసుకున్నా, పది నిమిషాలకి రూటర్ రీస్టార్టయి, సేవ్ చేసిన పాత కాన్ఫిగరేషన్‌తో లేస్తుంది. అంతా సవ్యంగా ఉంటే రీలోడ్ క్యాన్సిల్ చేసి, కొత్తది సేవ్ చేసుకోవాలి.

మొన్న శ్రీకాకుళం బ్రాంచిలో ఇలాగే మార్చాక అంతా సవ్యంగానే ఉంది. ఆ సంతోషంలో కుర్రాణ్ణి టీకి తీసుకెళ్లి ఫిన్లండు కథ ఎత్తుకున్నాడు. ఇక్కడ స్క్రీన్ మీద రూటర్ ఇంకా ఐదు నిమిషాలు, ఇంకా ఒక నిమిషం అని మొత్తుకుంటోంది. చూసేవాడేడీ?

"సార్, మా బ్రాంచికి నెట్ పోయిందండీ!" అని ఫోన్.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "ఏమయ్యా, హ్యాకర్లా?"

"కాద్సార్, షెడ్యూల్డ్ రీస్టార్ట్" అన్నాడు నెట్‌వర్కు గారు తొణక్కుండా.

అబద్ధమని ఎలా అంటాం? షెడ్యూల్ చేసింది ఆయనే!