కలిసి వెళ్లండి, విడివిడిగా ఎగరండి

వేసవిలో నలుగురైదుగురు పైలట్లు కలిసి కాలిఫోర్నియా నుంచి విస్కాన్సిన్‌లోని ఆష్‌కాష్ విమానాల జాతరకి చిన్న విమానాల్లో వెళ్దామనుకుంటే, మొదట వాట్సాప్ గ్రూపు పెడతారు, ఆ వెంటనే తేదీలు ఖాయం చేస్తారు. గ్రూపు పెట్టుకోండి. తేదీలు ఖాయం చేయకండి. బయల్దేరే రోజు ఒక్కటి తెలిస్తే చాలు. హోటళ్లు ముందే బుక్ చేయడం, ఫలానా ఊళ్లో ఫలానా రాత్రి భోజనానికి వస్తామని బంధువులకు మాటివ్వడం వద్దే వద్దు. జాగ్రత్తపరులంతా దీనికి ఎదురు చెబుతారని తెలుసు. ఈ ఒక్క విషయంలో వాళ్ల మాట వినకండి.

1996 ఏప్రిల్‌లో వయోమింగ్‌లోని షయాన్‌లో జరిగింది ప్రతి గ్రూపూ బయల్దేరేముందు చదవాలి. ఏడేళ్ల జెస్సికా డుబ్రాఫ్, ఆమె తండ్రి, ఇన్‌స్ట్రక్టరు ఒక సెస్నా కార్డినల్‌లో దేశాన్ని పడమర నుంచి తూర్పుకి దాటాలని బయల్దేరారు. రెండో రోజు ఉదయం ఉరుముల వాన మీదికొస్తుంటే, పరిమితికి మించిన బరువుతో, ఆరు వేల అడుగుల ఎత్తునున్న విమానాశ్రయం నుంచి లేచారు. ముగ్గురూ పోయారు. దర్యాప్తు చేసిన రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ వాతావరణం, బరువులతో పాటు ఊపిరాడని ప్రయాణ పట్టికనూ, మీడియాకిచ్చిన మాటలనూ కారణాల్లో చేర్చింది. 1911లో కాల్ రాడ్జర్స్ అనే పైలట్ న్యూయార్క్ నుంచి బయల్దేరినప్పుడు కూడా గడువుంది: ముప్పై రోజుల్లో దేశం దాటితే యాభై వేల డాలర్లు. గడువు దాటిపోయింది. ఆయన మాత్రం కూలిన ప్రతిసారీ విమానాన్ని బాగుచేయించుకుంటూ, 49 రోజులకు పాసడీనాలో దిగాడు.

ఇంట్లోవాళ్లకు చేరే టైము చెప్పకండి. చెప్పాల్సింది ఫ్లైట్ సర్వీస్‌కి. అక్కడ ఫ్లైట్ ప్లాన్ తెరిచి, చెప్పిన టైము దాటి అరగంటైనా మూయకపోతే వాళ్లే వెతకడం మొదలుపెడతారు. భార్య ఎదురుచూస్తోందన్న తొందరతో కొండ దాటినవాళ్లున్నారు. ఫ్లైట్ సర్వీస్ కోసం ఎవరూ తొందరపడరు.

ఇక విమానాల సంగతి. గ్రూపులో ఒకరికి 165 నాట్లు పోయే బొనాంజా, మరొకరికి 115 నాట్ల సెస్నా 172 ఉంటాయి. మజిలీలు ఎక్కడ, ఒక్కో మజిలీ ఎంత దూరం అన్నది సెస్నా వాళ్లే నిర్ణయించాలి, ముందు బయల్దేరేదీ వాళ్లే. 300 మైళ్ల మజిలీలో ఈ రెండింటికీ ముప్పావుగంట తేడా వస్తుంది. నెమ్మది విమానం ముందుంటే దారిలో మబ్బు ఎంత కిందికి దిగిందో, గాలి ఎలా కుదుపుతోందో కళ్లతో చూసి వెనకవాళ్లకు చెబుతుంది. ఐప్యాడ్‌లో కనిపించే రాడార్ బొమ్మ ఒక్కోసారి పదిహేను ఇరవై నిమిషాల పాతది, ఆ లోపు తుఫాను మబ్బు ఎక్కడికో పోతుంది. ముందున్న స్నేహితుడి మాట ఇప్పటిది.

కానీ ఒకరి రెక్క పక్కన ఒకరు ఎగరకండి. ముందే మాట్లాడుకోకుండా ఫార్మేషన్‌లో ఎగరడం నిబంధనలకే విరుద్ధం. మాట్లాడుకున్నా, శిక్షణ లేనివాళ్లు ఫోటో కోసం దగ్గరికి రావడం నాకు ఏ మాత్రం ఇష్టం లేదు. పది మైళ్ల ఎడం ఉంచి, 122.75 మీద కబుర్లు చెప్పుకోండి. కబుర్లు తెలుగులో ఫర్వాలేదు. ఎక్కడున్నారో, ఎంత ఎత్తులో ఉన్నారో మాత్రం ఇంగ్లిష్‌లో చెప్పండి, ఆ ఫ్రీక్వెన్సీ మీద మీరెరగని పైలట్లూ వింటుంటారు. ఆష్‌కాష్‌లో అందరం వరసగా దిగాలన్న కోరికా వదులుకోండి. ఫిస్క్ అనే చిన్న ఊరి దగ్గర కంట్రోలర్లు నేల మీదుండి విమానాన్ని రంగు చూసి పిలుస్తారు. మీరు నోరెత్తకుండా రెక్కలు ఊపి జవాబివ్వాలి. 1,800 అడుగులు, 90 నాట్లు, ముందు విమానానికి అర మైలు వెనక. అక్కడ మీ ముందున్నది ఎవరైనా సరే, వాళ్ల వెనకే పోవాలి.

ట్యాంకులు నిండా నింపకండి. ఈ మాటకి ఇన్‌స్ట్రక్టర్లు కోప్పడతారు, అయినా కొండల్లో ఇదే నిజం. 172లో నాలుగు సీట్లున్నా, నిండు ట్యాంకుల బరువే మూడొందల పౌండ్ల పైమాట. ముగ్గురు పెద్దవాళ్లు ఎక్కితే సంచులకు చోటుండదు. షయాన్‌లో 30 డిగ్రీల ఎండ కాస్తే అక్కడి గాలి తొమ్మిది వేల అడుగుల పైన ఉండేంత పలచగా అవుతుంది. ఇంజను బలం తగ్గుతుంది, చక్రాలు లేవడానికి రన్‌వే చాలా ఎక్కువ కావాలి. అందుకని రెండు గంటల మజిలీలు పెట్టుకుని, ఆ దూరానికి సరిపడా, పైన గంటకి సరిపడా పోయించుకోండి. పగటిపూట అరగంట నిల్వ చాలని నిబంధన అంటుంది. నాకది చాలదు. తెల్లవారగానే లేచి మధ్యాహ్నానికి దిగిపోండి, ఆ తర్వాత ఆకాశం ఉరుములది.

నేరుగా పోకండి. ఐప్యాడ్ గీసే గులాబీ గీత నెవాడా, యూటాల్లో మనిషి జాడలేని కొండల మీదుగా పోతుంది. కింద ఇంటర్‌స్టేట్ 80 చూసుకుంటూ రీనో, వెండోవర్, రాక్ స్ప్రింగ్స్ మీదుగా వెళ్లండి. కొంత దూరం ఎక్కువే. కానీ ఇంజను ఆగితే దిగడానికి చదునైన చోటు, దిగాక సాయానికి మనిషి దొరికేది అక్కడే. 1920లలో తపాలా విమానాలు పోయిందీ దాదాపు ఈ దారినే. వాటికి దారి చూపడానికి నేల మీద పోసిన కాంక్రీటు బాణాలు అక్కడక్కడా ఇంకా ఉన్నాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది: ఆఖరి మాట అందరికన్నా ఎక్కువ భయపడేవాళ్లది కావాలి. ఎక్కువ గంటలు ఎగిరినవాళ్లది కాదు. పొద్దున ఆకాశం చూసి ఒకరు “ఇవాళ నాకు మనసొప్పట్లేదు” అంటే, ఎందుకని అడగకండి. కారణం అడిగితే వాదన మొదలవుతుంది, వాదనలో సీనియర్లే గెలుస్తారు. “సరే బాబాయ్, కాఫీకి పోదాం” అనండి. చిన్న విమానాశ్రయాల్లో చాలాచోట్ల ఊళ్లోకి పోయిరావడానికి ఒక పాత కారు తాళాలిస్తారు. తిరిగిచ్చేటప్పుడు పెట్రోలు పోయించడం మర్యాద. మిగతావాళ్లకు ఆఫీసు ఉంటే వెళ్లొచ్చు, ఆగిపోయినవాళ్లను తొందరపెట్టకుండా. ఆగినవాళ్లు విమానాన్ని అక్కడే కట్టేసి ఎయిర్‌లైన్స్‌లో ఇంటికెళ్లి, ఇంకో వారాంతం వచ్చి తెచ్చుకోవచ్చు. ఆ టికెట్టు డబ్బు బయల్దేరేముందే అందరూ తలా కొంత వేసి పక్కన పెట్టండి. జులైలో ఆ మైదానాల్లో వడగళ్లు పడి రెక్కలు సొట్టలు పోతాయి. కాబట్టి ఆగిన విమానానికి హ్యాంగరు అద్దె కూడా ఆ డబ్బులోంచే కట్టండి, విమానం ఎవరిదైనా సరే.