సంచిలో సంచి

నన్ను సంచి అంటారు. పిల్లలసంచి, గర్భసంచి. మూడంగుళాల పొడవు, తలకిందులు చేసిన బేరికాయ ఆకారం, తూస్తే అర్ధపావు కూడా తూగను. ఉన్నదంతా దిట్టమైన కండ. తొమ్మిది నెలలు సాగి మూడు కిలోల బిడ్డను మోసి, పురిటినాడు బయటికి తోసి, ఆరువారాలకల్లా మళ్ళీ ముడుచుకునే కండను పట్టుకుని సంచి అనడంలోనే నా ఖర్మ రాసిపెట్టి ఉంది. కూరగాయలు ఇంటికి చేరాక సంచితో పనేముంది? ‘పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకమ్మా ఆ సంచి, తీయించేసుకో’ అన్న సలహా మన ఊళ్ళలో కాఫీ ఇచ్చినంత సులువుగా ఇచ్చేస్తారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళను అడిగితే, దేశం మొత్తం మీద నన్ను తీయించుకున్నవాళ్ళు నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. మొదటి రెండు స్థానాలూ మనవే. ఎందుకు తీయించుకున్నారంటే ఎక్కువమంది చెప్పింది నెలసరిలో అతిగా రక్తం పోవడం, నొప్పి. అన్ని కేసుల్లోనూ నేను నిర్దోషినని వాదించను. ఎండోమెట్రియోసిస్ కేసులో మాత్రం వాదిస్తాను.

ఆ జబ్బు ఉండేది నా బయట. నా లోపలి పొరలాంటి కణజాలమే అండాశయాల మీద, నా వెనక మలాశయం మీద, మూత్రాశయం మీద, అరుదుగా ఊపిరితిత్తుల కింది డయాఫ్రం మీద కూడా మొలుస్తుంది. అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ దానికి ఎరువు. నెలనెలా అదీ రక్తం కారుస్తుంది, కానీ ఆ రక్తానికి బయటికి దారి లేదు. చుట్టూ వాచి, మచ్చకట్టి, పక్కపక్కనున్న అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ప్రపంచంలో పిల్లలు కనే వయసు ఆడవాళ్ళలో పదిమందిలో ఒకరికి, సుమారు 19 కోట్లమందికి, ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పెరట్లో తుంగ మొలిచిందని ఇల్లు కూల్చుకునేవాళ్ళు ఎవరైనా ఉంటారా? తుంగకు మందు గడ్డతో సహా తవ్వడమే. ఇక్కడా అంతే. బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి, కార్బన్ డయాక్సైడ్‌తో పొట్టను ఉబ్బించి, కెమెరా దింపుతారు. కొన్ని మచ్చలు తుపాకిమందు చల్లినట్టు నల్లగా, కొన్ని ఎర్రగా, కొన్ని నీటిపొక్కుల్లా కనీకనిపించకుండా ఉంటాయి. తెలిసిన కన్నే వాటిని పట్టుకుంటుంది. పట్టకారులాంటి పరికరంతో పైపొరను ఎత్తిపట్టి, అడుగున పోయే మూత్రనాళాన్ని తప్పించి, జబ్బున్న మేర కోసి తీస్తారు. పైపైన ఉన్నవాటిని మాడ్చినా ఉపశమనం ఉంటుంది గానీ, లోతుకు దిగినవాటిని మాడిస్తే ఆకులు కాలి గడ్డ మిగిలినట్టే. పేగులోకి పాకితే గీకి తీయడం, బిళ్ళలా కోసి కుట్టడం, మరీ ముదిరితే ఆ కాస్త పేగునూ తీసి రెండు కొసలూ కలపడం. అండాశయంలో పాతరక్తం చాక్లెట్‌లా చిక్కబడి కట్టిన తిత్తిని చిల్లుపెట్టి ఊడ్చేస్తే మళ్ళీ నిండుతుంది. గోడను ఒలిచేస్తే మేలు. ఆ ఒలుపులో మంచి అండాలూ కొన్ని పోతాయి కాబట్టి, బిడ్డ కావాలనుకునే ఆవిడ విషయంలో కత్తి పట్టేముందే ఆ లెక్క చూసుకోవాలి. ఇలా కోయడం నిజంగా పనిచేస్తుందా అంటే, 2004లో వెలువడిన ఒక పరీక్షలో కొందరికి జబ్బును కోసి తీశారు, కొందరికి కెమెరాతో చూసి వదిలేశారు. ఎవరికి ఏది చేశారో వాళ్ళకు చెప్పలేదు. ఆరు నెలలకు మొదటివాళ్ళలో నూటికి 80 మందికి, రెండోవాళ్ళలో 32 మందికి బాధ తగ్గింది. ఊరికే చూసినందుకే మూడోవంతు మందికి నొప్పి తగ్గిందంటే, అంతకుముందు వాళ్ళ నొప్పిని ఎవరూ పట్టించుకోలేదేమో అనిపిస్తుంది.

ఎదుటిపక్షం వాదన నాకు తెలుసు. నెలసరి రక్తం నాలోంచి వెనక్కి గొట్టాల గుండా పొట్టలోకి పోయి అక్కడ నాటుకుంటుందని 1920ల్లోనే శాంప్సన్ అనే వైద్యుడు చెప్పాడు. విత్తనం నాదే అయితే నన్ను తీసేస్తే సరిపోతుందిగా? సరిపోదు. చాలామంది ఆడవాళ్ళలో రక్తం అలా వెనక్కి పోతూనే ఉంటుంది, జబ్బు మాత్రం కొందరికే వస్తుంది. పైగా విత్తనాల బుట్ట ఎత్తుకుపోయినంత మాత్రాన మొలిచిన తుంగ ఎండిపోదు. రెండో వాదనే గట్టిది. 2008లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో జబ్బును మాత్రమే తీసినవాళ్ళలో ఏడేళ్ళు మళ్ళీ ఆపరేషన్ లేకుండా గడిపినవాళ్ళు నూటికి 45 మందే. నన్ను తీసి అండాశయాలు ఉంచినవాళ్ళలో 77, అవి కూడా తీసేసినవాళ్ళలో 92. ఈ లెక్క నాకు చేదే, అయినా దాచను. కానీ 1995 నాటి మరో లెక్కా చూడండి. నన్ను తీసేసి అండాశయాలు వదిలిన 29 మందిలో 18 మందికి నొప్పి తిరగబెట్టింది. అప్పటికి నేను అక్కడ లేనే లేను! అయితే అండాశయాలూ తీసేద్దామంటారా? ముప్ఫై అయిదేళ్ళకే ఒంట్లో ఆవిర్లు, గుల్లబారే ఎముకలు. ఆ 2008 అధ్యయనమే 30-39 ఏళ్ళవాళ్ళలో అండాశయాలు తీసినందువల్ల చెప్పుకోదగ్గ లాభం కనబడలేదంది. పిల్లలు ఇప్పుడే వద్దనుకునేవాళ్ళు ఆపరేషన్ తర్వాత హార్మోన్ మందులు కొనసాగిస్తే తిరగబెట్టడం తగ్గుతుంది కూడా. ఇక నా గోడలోకే ఆ పొర చొచ్చుకుపోయే అడినోమయోసిస్ ఉంటే దోషం నాదీనూ. బిడ్డలు వద్దనుకుని, మిగతా చికిత్సలన్నీ విఫలమైన ఆవిడకు నన్ను తీయవచ్చనే 2022 నాటి యూరప్ మార్గదర్శకాలూ అంటాయి. అయితే కనిపించే జబ్బునంతా నాతోపాటే తీయమంటాయి, అయినా పూర్తిగా నయం కాకపోవచ్చని ముందే చెప్పమంటాయి. మనదగ్గర ఎగిరిపోయేవి ఆ చివరి రెండు ముక్కలే. పేగును, మూత్రనాళాన్ని తప్పించి గంటలతరబడి కోసే చేతులు చిన్న ఊళ్ళలో దొరకవంటే ఒప్పుకుంటాను. చేయి తిరగని పని పక్కనపెట్టి చేయి తిరిగిన పని చేసేస్తే, ఆ నష్టం నాదొక్కదానిదే కాదు.

తీశాక మా మజిలీలు ఎక్కడైనా ఇవే. పేరూ నంబరూ రాసిన చీటీ అంటించిన ఫార్మలిన్ సీసాలో పాలిపోయి ల్యాబుకు చేరతాం. బల్లమీద నిలువునా రెండు చెక్కలు చేస్తారు. బిడ్డ పడుకున్న ముక్కోణపు గది, నిజానికి వేలు పట్టనంత ఇరుకు, లైటు కింద తెరుచుకుంటుంది. పొరలు పొరలుగా తరిగి సూక్ష్మదర్శినిలో చూసి, కొన్నిసార్లు ‘విశేషమేమీ లేదు’ అని రాస్తారు. మిగిలిన ముక్కలు పసుపుపచ్చ సంచిలోకి. మూతి బిగించి, కాల్చే కొలిమికి పంపుతారు. నన్ను తీయించుకున్న ఆమె మలాశయం మీది తుంగగడ్డలు మాత్రం ఎక్కడివక్కడే. వాటికి సీసా లేదు, చీటీ లేదు.