ఫార్మాట్ కొట్టే ముందు నన్ను చదవండి

నేను హార్డ్‌డిస్క్‌ను. ఉప్పల్ దాటి వరంగల్ హైవే మీద ఘట్‌కేసర్ వైపు వెళ్తుంటే వచ్చే అన్నోజిగూడలో, ఒక డెస్క్‌టాప్ డబ్బాలో ఉంటాను. ఈ చుట్టుపక్కల మా జాతికి కొదవ లేదు. పక్కనే పోచారంలో ఇన్ఫోసిస్ క్యాంపస్, ఘట్‌కేసర్ దారిలో ఇంజినీరింగ్ కాలేజీలు, వాటిని నమ్ముకుని వెలిసిన హాస్టళ్లు, జిరాక్స్ షాపులు, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే సెంటర్లు ఉన్నాయి. అన్నిచోట్లా మాలో ఒకరం తిరుగుతూనే ఉంటాం. మాలో ఎవరం నెమ్మదించినా, ఫైల్ తెరవడానికి మొరాయించినా మొదట వినిపించే సలహా ఒకటే: ‘ఫార్మాట్ కొట్టు అన్నా, సెట్ అయితది.’ నా జీవితం గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఆ మాటకు జవాబే. ఫార్మాట్ చెడ్డ పని కాదు. కానీ పాడైపోతున్న డిస్క్ విషయంలో అది అన్నిటికంటే చివర చేయాల్సిన పని. దాన్ని మొదట చేయడం వల్ల ఎన్ని ఇళ్లలో పెళ్లి ఫోటోలు, ప్రాజెక్టు రిపోర్టులు, షాపు లెక్కలు తిరిగి రాకుండా పోతున్నాయో తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది.

నా లోపల ఏముందో తెలిస్తే ఈ వాదన సగం తేలిపోతుంది. అల్యూమినియం పళ్లేలు గానీ గాజు పళ్లేలు గానీ, వాటి మీద అయస్కాంతపు పూత, నిమిషానికి 5,400 లేదా 7,200 చుట్లు తిప్పే మోటారు, ఆ పళ్లేల మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో తాకకుండా తేలే రీడ్ హెడ్లు. మనిషి వెంట్రుక మందం పదుల వేల నానోమీటర్లలో ఉంటుంది కాబట్టి, ఆ ఎత్తులో చిన్న దుమ్ము రేణువు కూడా నాకు కొండే. 1956లో ఐబీఎం తెచ్చిన మా మూల పురుషుడు రామాక్‌లో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి, నిల్వ మాత్రం 5 మెగాబైట్ల లోపే. ఇవాళ ఫోన్‌లో తీసిన రెండు మూడు ఫోటోలకు ఆ చోటు చాలదు. అరచేతిలో పట్టే నాలో టెరాబైట్ ఇమడాలంటే ప్రతి సెక్టార్ అతి సూక్ష్మంగా ఉండాలి, అంత సూక్ష్మమైనచోట లోపం లేని ఉపరితలం దొరకదు. అందుకే నేను ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చేనాటికే నాలో పాడైన సెక్టార్లు ఉన్నాయి. తయారీలోనే వాటిని గుర్తించి ఒక జాబితాలో రాసి పక్కన పెట్టారు, వాటికి బదులు వాడుకోవడానికి కొన్ని అదనపు సెక్టార్లు దాచి ఉంచారు. విండోస్‌కు గానీ లినక్స్‌కు గానీ ఈ సంగతి కనబడదు. బ్యాడ్ సెక్టార్ అనగానే వైరస్ పనో విండోస్ లోపమో అనుకునేవారికి నేను చెప్పేది ఇదే: అది చాలావరకు నా ఒంటికి సంబంధించిన విషయం. సాఫ్ట్‌వేర్ మళ్లీ వేసినంత మాత్రాన అరిగిన పూత తిరిగి రాదు.

మరి ఫార్మాట్ నన్ను ఏం చేస్తుంది? సాధారణంగా అందరూ కొట్టేది క్విక్ ఫార్మాట్. అది నా మొదటి భాగంలోనూ మరికొన్ని చోట్లా కొత్త ఫైల్ వ్యవస్థకు కావాల్సిన పట్టికలు రాసి ఊరుకుంటుంది. ఊళ్లో పహాణీ చింపేసినంత మాత్రాన పొలం ఎక్కడికీ పోదు కదా, అలాగే పాత ఫైళ్లు ఉన్నచోటే ఉంటాయి, ఎవరిది ఎక్కడుందో చెప్పే రాత మాత్రమే పోతుంది. పాడైన సెక్టార్లు కూడా ఉన్నచోటే ఉంటాయి. ఫుల్ ఫార్మాట్ సంగతి వేరు. విండోస్ విస్టా నుంచి అది నా పొడవునా సున్నాలు రాస్తుంది. దాంతో పాత డేటా నిజంగానే చెరిగిపోతుంది. ఇక ‘లో లెవెల్ ఫార్మాట్’ అనే మాట సర్వీస్ షాపుల్లో ఇంకా వినిపిస్తుంది గానీ, ఈనాటి డిస్క్‌కు దాన్ని ఎవరూ ఇంట్లో చేయలేరు. హెడ్లకు దారి చూపే సర్వో గుర్తులు ఫ్యాక్టరీలోనే పడతాయి, వాటిని తిరిగి గీసే పరికరం నాలో లేదు. ఆ పేరుతో జరిగేది సున్నాలు రాయడమే.

‘ఫార్మాట్ కొట్టాక మా డిస్క్ బాగానే పనిచేసింది, దానికేమంటావు?’ అని అడిగేవారున్నారు. అది అబద్ధం కాదు కాబట్టి జవాబు వివరంగా చెప్పాలి. ఒక సెక్టార్‌ను చదవలేకపోయినప్పుడు, సరిదిద్దే కోడ్ సాయంతో కూడా డేటా తేలనప్పుడు, నేను దాన్ని వెంటనే తీసేయను. అందులో మీ డేటా ఉందన్న కారణంతో ‘పెండింగ్’ అని రాసుకుంటాను. మీరు దాని మీద కొత్తగా ఏదైనా రాస్తే అప్పుడు పరీక్షించుకుంటాను. రాత నిలిస్తే పెండింగ్ లెక్క నుంచి తీసేస్తాను, నిలవకపోతే దాచి ఉంచిన అదనపు సెక్టార్‌ను దాని స్థానంలో పెడతాను. అంటే ఫుల్ ఫార్మాట్ తర్వాత నేను కుదుటపడినట్టు కనిపించడానికి కారణం, చదవలేని చోట్లలోని మీ డేటాను వదులుకోవడానికి మీరు నాకు అనుమతి ఇవ్వడమే. ఇందులో ఒక నిజమైన మినహాయింపు ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. రాస్తూ ఉండగా కరెంటు పోతే సెక్టార్ సగం రాతతో మిగిలిపోవచ్చు. పూత బాగానే ఉన్నా దాన్ని నేను చదవలేను. యూపీఎస్ లేని గదుల్లో ఇలాంటివి జరుగుతాయి. అలాంటి సెక్టార్ మీద మళ్లీ రాస్తే అది పూర్తిగా బాగవుతుంది, ఆ డిస్క్ చాలా ఏళ్లు నడవొచ్చు. అయితే నాది ఈ రకమా, లేక పూత ఊడిపోతున్న రకమా అన్నది ఫార్మాట్ కొట్టి తెలుసుకోవాల్సిన విషయం కాదు. నన్ను అడిగితే నేనే చెబుతాను.

అడగడానికి కమాండ్ లైన్ మంచి దారి. కిటికీల మీద క్లిక్ చేసేవారికి తరచూ ‘ఫార్మాట్ పూర్తి కాలేదు’ అనే ఒక్క వాక్యమే కనిపిస్తుంది. నల్ల తెర మీద నేను పూర్తిగా మాట్లాడతాను. ఏదైనా లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి మొదట ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొడితే ఏ డిస్క్ ఏదో సైజుతో సహా తెలుస్తుంది. తర్వాత డీమెసేజ్‌లో రీడ్ ఎర్రర్లు వరుసగా కనిపిస్తాయి. అసలైన కమాండ్ స్మార్ట్‌సీటీఎల్. దానికి హైఫన్, చిన్న ఏ జోడించి అడిగితే నేను పుట్టినప్పటి నుంచి రాసుకున్న లెక్కలన్నీ బయటపెడతాను: ఎన్ని గంటలు తిరిగాను, ఎన్నిసార్లు ఆగి లేచాను, ఎంత వేడెక్కాను. వాటిలో చూడాల్సినవి నాలుగు. 5వ నంబర్ వరుసలో ఇప్పటిదాకా మార్చిన సెక్టార్లు, 197లో పెండింగ్‌వి, 198లో నాకు నేనుగా పరీక్షించుకున్నప్పుడు చదవలేకపోయినవి ఉంటాయి. 199 మాత్రం నా తప్పు కాదు, కేబుల్లో దారితప్పిన డేటా లెక్క అది. మిగతా మూడూ సున్నాగా ఉండి 199 మాత్రమే పెరుగుతుంటే సాటా కేబుల్ మార్చండి చాలు. చిన్న కేబుల్‌తో పోయే సమస్యకు ఫార్మాట్ కొట్టి డేటా అంతా పోగొట్టుకున్నవారు ఎందరో ఉంటారు.

ఈ లెక్కలను బట్టి తేలే స్మార్ట్ పరీక్షలో ‘పాస్డ్’ అని వచ్చింది కదా అనేది మరో అభ్యంతరం. ఆ మాటకు అర్థం చాలా పరిమితం. తయారీదారు పెట్టిన హద్దును ఏ అంకె కూడా దాటలేదని మాత్రమే అది చెబుతుంది, ఆ హద్దులు ఉదారంగా ఉంటాయి. 2007లో గూగుల్ పరిశోధకులు పిన్‌హీరో, వెబర్, బరోసో లక్షకు పైగా డిస్కులను గమనించి ఒక అధ్యయనం వెలువరించారు. నా తరఫున అంతకంటే బలమైన సాక్ష్యం లేదు. మొదటిసారి స్కాన్ ఎర్రర్, అంటే ఉపరితలాన్ని తానే పరీక్షించుకుంటున్నప్పుడు దొరికే లోపం, కనిపించిన డిస్క్, అలాంటి ఎర్రర్ లేని డిస్క్‌తో పోలిస్తే తర్వాతి 60 రోజుల్లో చనిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువని వాళ్లు తేల్చారు. మొదటి సెక్టార్ మార్పిడి జరిగిన డిస్క్‌కు అది 14 రెట్లు, మొదటి పెండింగ్ సెక్టార్ కనిపించినదానికి 16 రెట్లు. అదే అధ్యయనం ఇంకో నిజం కూడా చెప్పింది: చనిపోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా ఈ ముఖ్యమైన గుర్తులేవీ చూపకుండానే పోయాయి. ఈ రెండు నిజాలనూ కలిపి చూడాలి. అంకె కనిపిస్తే అది గట్టి హెచ్చరిక, కనిపించకపోతే హామీ కాదు. ఎండాకాలం వేడికే డిస్క్ పోయిందని హైదరాబాదులో తేలిగ్గా అనేస్తారు గానీ, అదే అధ్యయనంలో వేడికీ మరణానికీ అందరూ ఊహించినంత సంబంధం కనబడలేదు. చల్లగా నడిచిన డిస్కులే కొన్ని ఎక్కువగా పోయాయి. మరీ ఎక్కువ వేడిలో మాత్రమే, అదీ పాతబడ్డ డిస్కుల్లోనే, తేడా కనిపించింది. కాబట్టి ఏసీ పెట్టించడం కంటే ముందు బ్యాకప్ పెట్టించండి.

అంకెలు చెడ్డగా ఉన్నాయని తేలితే చేయాల్సిన పని కాపీ. ఇక్కడ చాలామంది చేసే పని విండోస్‌లోని చెక్‌డిస్క్‌ను స్లాష్ ఆర్‌తో నడపడం. బాగున్న డిస్క్ మీద అది ఉపయోగకరమే. పాడైపోతున్న నా మీద మాత్రం అది గంటల తరబడి హెడ్లను పాడైన చోట్లకే తిప్పుతుంది, పైగా పట్టికలను సరిచేసే పేరుతో నా మీద రాస్తుంది. దానికి బదులు కాపీ తీసే జీఎన్‌యూ డీడీరెస్క్యూ ఉంది. అది మొదటి విడతలో బాగున్న చోట్లన్నీ వేగంగా చదివి, ఇబ్బంది పెట్టే చోట్లను దాటేస్తుంది, చివరలో మాత్రమే వాటి దగ్గరికి కొద్దికొద్దిగా తిరిగి వస్తుంది. ఎంతదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మళ్లీ ఆగినచోటి నుంచి సాగుతుంది. నా ఆయుష్షు ఇంకెంత మిగిలిందో తెలియనప్పుడు ముందు సులువైనదంతా రక్షించడమే సరైన క్రమం. ఆ కాపీ మీద టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ నడిపి ఫైళ్లు వెతుక్కోవచ్చు, ఎన్నిసార్లు తప్పు చేసినా అసలుకు ముప్పు లేదు. ఇవన్నీ ఉచితంగా దొరికే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. నేను టక్‌టక్‌మని శబ్దం చేస్తున్నానా, అప్పుడు మాత్రం ఏ కమాండూ వద్దు. ప్లగ్ తీసేయండి. హెడ్లు దెబ్బతిన్న నన్ను తిప్పిన ప్రతి నిమిషం పూత గీసుకుపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టే చిట్కా అసలే వద్దు, బయటికి తీయగానే పళ్లేల మీద తేమ పడుతుంది. క్లీన్ రూమ్ ఉన్న రికవరీ ల్యాబ్ తప్ప అప్పుడు వేరే దారి లేదు.

కాపీ చేతికొచ్చాక ఫార్మాట్ వంతు వస్తుంది, దాన్ని పరీక్షగా చేయాలి. బ్యాడ్‌బ్లాక్స్‌ను రాత పద్ధతిలో నడిపితే నాలుగు రకాల నమూనాలు నా పొడవునా రాసి తిరిగి చదువుతుంది. టెరాబైట్ డిస్క్‌కు దాదాపు ఒక రోజు పడుతుంది. తర్వాత స్మార్ట్‌సీటీఎల్‌తో లాంగ్ టెస్ట్ పెట్టి 5, 197 వరుసలను మళ్లీ చూడండి. 197 సున్నాకు వచ్చి, 5 కదలకుండా ఉంటే కరెంటు కోతకు గురైన రకం నేను. అప్పుడు ఎంకేఎఫ్‌ఎస్‌తో ఈఎక్స్‌టీ4 వేసుకోండి, ఎన్‌టీఎఫ్‌ఎస్ కావాలంటే అది వేసుకోండి. 5 పెరిగితే, వారం తర్వాత ఇంకా పెరిగితే, నన్ను నమ్మొద్దు. ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. విండోస్‌లోని డిస్క్‌పార్ట్‌లో క్లీన్ అని కొడితే ‘నిజంగానా?’ అని అది అడగదు, లినక్స్‌లో డిస్క్ మీద నేరుగా రాసే డీడీ కూడా అడగదు. ఒక్క అక్షరం తేడాతో ఎస్‌డీబీ అనే డిస్క్ బదులు ఎస్‌డీఏ అనే డిస్క్ చెరిగిపోతుంది. అందుకే కమాండ్ లైన్ ప్రమాదమని భయపడేవారి మాటలో నిజముంది. దానికి జవాబు ఎంటర్ నొక్కే ముందు సైజు, మోడల్ పేరు మరోసారి చూసుకోవడం. వీలైతే మిగతా డిస్కుల కేబుళ్లు పీకేయడం ఇంకా మంచిది.

ఖర్చు గురించి మాట్లాడేవారి బాధ నాకు అర్థమవుతుంది. హాస్టల్ పిల్లాడికి కొత్త డిస్క్ ధర చిన్నది కాదు. అందుకే నేను నన్ను పారేయమనడం లేదు. పెండింగ్ తేలిపోయి నిలకడగా ఉన్న డిస్క్‌ను సినిమాలకు, మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోగల వాటికి వాడుకోవచ్చు. ఒకే ఒక కాపీ ఉన్నదాన్ని మాత్రం నాలో పెట్టకండి.

ఇక అమ్మేసేటప్పుడు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్లకు పాత సిస్టమ్‌లు క్విక్ ఫార్మాట్‌తోనే చేరితే, ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు కూడా వాటితోపాటే చేతులు మారతాయి. మరో చివర, డిస్క్‌ను కోసి ముక్కలు చేస్తే తప్ప ఏదీ చెరగదన్న నమ్మకమూ ఉంది. 2024 మార్చిలో నమోదైన తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసులో హార్డ్‌డిస్కులను కోసి ముక్కలను నాగోలు దగ్గర మూసీలో పడేశారన్నది పోలీసుల ఆరోపణ, తేల్చాల్సింది కోర్టు. సాంకేతికంగా చూస్తే ఆరోగ్యంగా ఉన్న డిస్క్‌ను మొత్తం ఒక్కసారి సున్నాలతో నింపితే ఇంటి డేటాకు చాలు. 1996లో పీటర్ గట్‌మన్ 35 విడతల పద్ధతి రాశాడు, కొత్త డిస్కులకు అదంతా అక్కర్లేదని తర్వాత ఆయనే చెప్పాడు. అయితే మార్చి పక్కన పెట్టిన సెక్టార్లలోని పాత డేటాను ఆ సున్నాలు అందుకోలేవు. అందుకే పాడైన డిస్క్‌ను అమ్మొద్దు, పనికిరాకుండా చేసి ఈ-వేస్ట్‌కు ఇవ్వండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాలు నమోదైన రీసైక్లర్లే వాటిని రీసైకిల్ చేయాలంటున్నాయి. మనకు దగ్గరి చర్లపల్లిలోనే ఈ-వ్యర్థాల మీద పరిశోధన చేసే సీ-మెట్ ఉంది. నా అల్యూమినియం, నా అయస్కాంతాలు మట్టిలో కలవాల్సినవి కావు.

ఇది చదివేవారికి నా విన్నపం ఒకటే. ఈ రాత్రే స్మార్ట్‌సీటీఎల్ కొట్టి 197వ వరుస చూడండి. అక్కడ సున్నా కాక ఇంకేదైనా ఉంటే, ‘ఫార్మాట్ కొట్టు’ అన్నవారికి ‘రేపు’ అని చెప్పి, ముందు ఇంకో డిస్క్ తెచ్చుకుని కాపీ మొదలుపెట్టండి.