అనుమానం లేని గుమాస్తా

మా ఆఫీసులో అందరికంటే నమ్మకస్తుడైన గుమాస్తా ఆటోక్యాడ్ అనే డ్రాయింగు సాఫ్ట్‌వేర్. ఇక్కడ కొండ ఉందంటే కొండ గీస్తుంది. ఆ కొండ పక్కింటివాళ్ల వంటింట్లో ఉందన్నా మారుమాట్లాడదు. 1982లో పుట్టింది. ఇంత వయసొచ్చినా ఒక్కసారైనా "నిజమేనా మాస్టారూ?" అని అడిగిన పాపాన పోలేదు. సర్వే డ్రాయింగులు గీస్తూ నేను తిన్న చీవాట్లన్నీ ఆ ఒక్క మాట అది అడగకపోవడం వల్ల వచ్చినవే.

నేను ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదివే రోజుల్లో ట్రేసింగ్ పేపరు మీద ఇంకు పెన్నుతో గీసేవాళ్లం. తప్పు పడితే సగం బ్లేడుతో పైపైన గీకాలి. కాస్త గట్టిగా గీకామా, కాగితానికి చిల్లు, ఆ చిల్లులోంచి పెద్దసారు మొహం. అందుకని గీసే ముందు ప్రతి గీతనూ మూడుసార్లు అనుమానించేవాళ్లం. ఇప్పుడు కంట్రోల్-జడ్ నొక్కితే చేసింది చేయనట్టే. పొరపాటున చెరిపేసినదాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ‘ఊప్స్’ అని ఓ కమాండు కూడా ఉంది. హాస్యానికి కాదు, నిజంగా దాని పేరే అది. బ్లేడు పోయింది, దాంతోపాటే భయమూ పోయింది.

మొదటి చీవాటు ఎఫ్ఎంబీ, అంటే ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్ పుణ్యం. ఆ పాత పుస్తకాల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి. గొలుసు 66 అడుగులు, దానికి 100 లింకులు, పది చదరపు గొలుసులైతే ఎకరం. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ ఓ మధ్యాహ్నం, పప్పూ ఆవకాయా తిన్న మత్తులో, లింకులను అడుగులనుకుని కొట్టేశాను. 50 సెంట్ల స్థలం దాదాపు 115 సెంట్లయి కూర్చుంది. ఆటోక్యాడ్ కిమ్మనలేదు. స్థలం యజమానీ కిమ్మనలేదు. నాలుగు వైపులా ఉన్న హద్దుదారులే మా మెట్లెక్కారు.

రెండోది ఈపీ గొడవ. టోటల్ స్టేషన్ అనే సర్వే యంత్రం పట్టుకుని పొలంలో తిరిగే కుర్రాడు తీసిన ప్రతి పాయింటుకూ ఓ పొట్టిపేరు తగిలిస్తాడు. నేను నేర్చుకున్నదాంట్లో ఈపీ అంటే ఎడ్జ్ ఆఫ్ పేవ్‌మెంట్, తారురోడ్డు అంచు. ఇరవై ఈపీలు బారుగా కనిపించాయి, కలిపేశాను. రెండో అంచు దొరకలేదు. కుర్రాడు మరిచిపోయి ఉంటాడని జాలిపడి, ఏడు మీటర్ల ఎడంలో నేనే ఇంకో గీత ఆఫ్‌సెట్ కొట్టాను. రోడ్డు మిరపచేను దాటి, కాలవ దాటి, ఒకరి పశువుల పాక మీదుగా దర్జాగా సాగిపోయింది.

"ఏరా అబ్బాయ్, పాక మీంచి రోడ్డేమిట్రా?"

"రోడ్డెక్కడిది సార్? అవి కరెంటు స్తంభాలు. ఎలక్ట్రిక్ పోలు, ఈపీ."

వాడి తప్పు లేదు. నా తప్పూ లేదు. మధ్యలో ఉన్న గుమాస్తాకు నోరు లేదు.

మూడోది కాంటూరు. ఒకే ఎత్తున్న చోట్లన్నీ కలుపుతూ పోయే గీత అది. గీతలు దూరదూరంగా ఉంటే నేల సాపు, ఒత్తుగా ఉంటే ఏటవాలు. పాయింట్ల ఎత్తులిస్తే సాఫ్ట్‌వేర్ పక్కపక్క పాయింట్లను త్రికోణాలుగా కలిపి, వాటి మీద ఈ గీతలు తనే లాగేస్తుంది. ఓ మామిడితోటలో 28.46 మీటర్లని చేత్తో రాసుకొచ్చిన లెవెలును నేను 2.846 అని కొట్టాను. ఒక్క చుక్క, ఒక్క అంకె ముందు పడింది. అరమీటరుకొక గీత చొప్పున, చదునైన తోట నడుమ ఒకదానిలో ఒకటిగా 51 వలయాలు తేలాయి. అచ్చం గ్రామఫోను రికార్డు. నేను చూసుకోకుండా ప్రింటు తీసిచ్చేశాను. తోట రైతు మర్నాడు పొద్దున్నే వచ్చాడు.

"పాతిక మీటర్ల గొయ్యి మా తోటలో ఉంటే, మొన్న బోరుకు అంత డబ్బు ఎందుకు తగలేశానయ్యా?"

ఆ రోజు నుంచి ఏ డ్రాయింగైనా ప్రింటుకిచ్చే ముందు ఒకసారి చెప్పులేసుకుని స్థలానికి పోయి వస్తున్నాను. గుమాస్తాకు లేని అనుమానం ఎవరో ఒకరు పడాలి గదా.

అలా అనుమానం ముదిరిన రోజుల్లో, రిటైరైన పెద్దాయన ఒకరు ఇల్లు కట్టుకుందామని వాస్తు పండితుణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. కాంటూర్లు చూసి పండితుడు నిట్టూర్చాడు. ఈశాన్యం మెరక, నైరుతి పల్లం. ఉండాల్సినదానికి సరిగ్గా తలకిందులు.

"బాబూ, ఈ వంకర గీతలు ఓ నాలుగు అటు జరిపితే ఏం పోయింది? కంప్యూటరే గదా. చెరిపింది తిరిగొచ్చే మాట కూడా ఏదో ఉందని ఇందాక చూపించారు."

"గీతలు జరుగుతాయండీ. వాననీళ్లు మన కాగితం చూసుకుని పారవు గదా."

ఆటోక్యాడ్‌నే అడిగి ఉంటే క్షణంలో జరిపేసేది. పెద్దాయన కాసేపు ఆలోచించి, "అయితే నేలనే జరుపుతా" అన్నారు. నైరుతిలో నలభై లారీల మట్టి తోలించారు. మళ్లీ కొలిచాం, మళ్లీ గీశాం. ఈసారి గీతలు శాస్త్రప్రకారం వచ్చాయి. పండితుడు నవ్వాడు, పెద్దాయన డబ్బులు పూర్తిగా ఇచ్చారు, నా మనస్సాక్షి హాయిగా నిద్రపోయింది.

మొదటి పెద్దవాన పడిన మర్నాడు తెల్లవారకముందే ఫోను మోగింది.

"బాబూ, మట్టంతా గోడ తోసుకుని పక్కవాళ్ల వాకిట్లోకి పోయింది. వాళ్లావిడ చీపురు పట్టుకుని మా గేటు దగ్గర నిలబడి ఉంది. మీ కంప్యూటర్లో ఆ మాట... ఏమిటది?"

"ఊప్స్ అండీ."