విననక్కర్లేదు, చదువుకుంటే చాలు!

అమెరికాలో అవతలివాళ్లు ఫోనెత్తకపోతే వాయిస్‌మెయిల్ పలుకుతుంది. బీప్ మోగాక చెప్పాల్సింది చెప్పి పెట్టేయాలి. ఆ ఫోను గలాయన తీరిగ్గా 1 నొక్కిపట్టి, పిన్ కొట్టి, ఎన్ని సందేశాలున్నాయో యంత్రమహిళ లెక్క చెబుతుంటే ఓపిగ్గా విని, అక్కర్లేనిదాన్ని 7 నొక్కి చెరిపేయాలి. ఇంత కష్టం మనిషన్నవాడు పడగలడా? అందుకే బుద్ధిమంతులు కొందరు ఉపాయం కనిపెట్టారు. వెరైజన్ కంపెనీ ఫోనైతే *71 కొట్టి, పక్కనే గూగుల్ వాయిస్ నెంబరు కొట్టి డయల్ చేయడమే. ఎత్తని కాల్స్ అన్నీ అటు మళ్లుతాయి. అక్కడి యంత్రం విని, రాసి, ఈమెయిల్లో పడేస్తుంది. చెవులకిక శాశ్వత విశ్రాంతి.

దీనివల్ల టైము మిగులుతుందట. అర నిమిషం వినే తీరిక లేని పెద్దమనిషి, యంత్రం రాసిపెట్టిన మూడు వాక్యాల్లో ఎవరు ఎవర్ని ఎక్కడికి రమ్మన్నారో తేలక ఐదు నిమిషాలు తల గోక్కుని, చివరికి ప్లే నొక్కి ఆ అర నిమిషమూ వింటాడు. గూగుల్ వాయిస్ 2009లో మొదలైంది. దాని రాతలు ఎంత పేరు మోశాయంటే, 2015లో వాటిని బాగుచేశామని ప్రకటిస్తూ గూగులే తన మీద తాను జోకేసుకుంది. తప్పులు 49 శాతం తగ్గాయట. ఎన్నింటిలోంచి తగ్గాయని అడగడం మర్యాద కాదు. మిగిలిన 51 శాతంతో సర్దుకుపోవాలి.

ఇంగ్లీషువాళ్ల ఇంగ్లీషుకే ఈ గతి పడితే, గుంటూరు నుంచి డాలస్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేసిన తల్లి సంగతేమిటి? పాపం, ఆవిడ బీప్‌కి భయపడకుండా, "ఒరేయ్ నానీ, అమ్మనిరా. ఏం లేదులే, ఊరికే చేశా. నాన్నగారికి కాస్త నలతగా ఉంది" అందనుకోండి. తెలుగన్నదే ఎరగని ఆ యంత్రం ఏం చేస్తుంది? విన్నదాన్నల్లా ఇంగ్లీషులోకి ఈడ్చి, నానీకి మనీ కావాలనో, ఎమిలీ అనే అమ్మాయి ఊరికి చేరిందనో రాసి పంపిస్తుంది. ఆఫీసు మీటింగులో బల్లకింద అది చదువుకున్న సుపుత్రుడు, ఎవరో డబ్బు గుంజే బాపతని చెరిపేస్తాడు. కర్మం చాలక అది కోడలి కంటపడిందా, ఆ ఎమిలీ ఎవరో తేలేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

పోనీ, రేపు యంత్రానికి తెలుగు దివ్యంగా వచ్చేసిందనుకుందాం. "ఏం లేదులే" అని అక్షరం పొల్లుపోకుండా రాస్తుంది. కొడుకు చదువుతాడు. ఏం లేదంది కదా అని నిశ్చింతగా కాఫీకి వెళ్తాడు. విని ఉంటే, ఆ మాటకి ముందు ఆవిడ మింగిన గుటక వినపడేది. ఉన్నపళాన తిరిగి ఫోన్ చేసేవాడు. తప్పుల రాత కన్నా ఈ తప్పుల్లేని రాతే నాకు ఎక్కువ భయం.

వినికిడి లేనివారికి ఈ సేవ నిజంగా వరం. వాళ్లతో నాకు పేచీ లేదు. పాత వాయిస్‌మెయిలూ పతివ్రతేం కాదు. కంపెనీ ఇచ్చిన పిన్ మార్చుకోనివాళ్ల సందేశాలను లండన్ పత్రికలవాళ్లు దొంగతనంగా వినేవారు. ఆ గొడవ ముదిరే 2011లో న్యూస్ ఆఫ్ ది వరల్డ్ అనే పత్రిక మూతపడింది. నా పేచీ, చెవులు శుభ్రంగా పనిచేస్తూ వినడాన్ని కూలికిచ్చేవాళ్లతో.

కూలికే ఇచ్చారు, అక్షరాలా. బ్రిటన్‌లో స్పిన్‌వాక్స్ అనే కంపెనీ వాయిస్‌మెయిళ్లను అక్షరాల్లోకి మార్చే తన అద్భుత యంత్రం గురించి ఊరూవాడా చెప్పుకుంది. దానికి "బ్రెయిన్" అని ముద్దుపేరు కూడా. 2009 జులైలో బీబీసీ ఆరా తీస్తే, బోలెడన్ని సందేశాలను దక్షిణాఫ్రికాలో, ఫిలిప్పీన్స్‌లో కాల్ సెంటర్లవాళ్లు విని టైపు చేస్తున్నారని తేలింది. యంత్రానికి అర్థంకాని చోట మాత్రమే మనుషుల సాయం తీసుకుంటున్నామంది కంపెనీ. అంటే భార్య అలిగి చెప్పిన నాలుగు మాటలు భర్త వినడు, మనీలాలో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న అమ్మాయి వింటుంది. ఆ ఏడాది చివర్లోనే ఆ కంపెనీని న్యూఆన్స్ సంస్థ సుమారు 10 కోట్ల డాలర్లకు కొనేసింది. మెదడుకి మంచి ధరే పలికింది.

ఇప్పుడు ఇంకో మెట్టెక్కాం. 2023లో ఐఫోన్‌కి లైవ్ వాయిస్‌మెయిల్ వచ్చింది. అవతలి మనిషి చెబుతూ ఉండగానే ఆ మాటలు తెరమీద అక్షరాలై కనిపిస్తాయి. కావాలంటే మధ్యలో ఎత్తచ్చు. ఎత్తడం ఎందుకు, చదువుతూ కూర్చోవచ్చు. అప్పులాయన వస్తే తలుపు సందులోంచి చూస్తూ, లేనని పిల్లాడిచేత చెప్పించే ఘనుడి విద్యకి ఇంతకాలానికి రాజముద్ర పడింది.

మన అమ్మలు మాత్రం వీటికి దొరకరు. కాలింగ్ కార్డుల రోజుల్లో వాయిస్‌మెయిల్ ఎత్తగానే కార్డులో నిమిషాలు తెగేవి గనుక, ఆ ఇంగ్లీషు గొంతు వినగానే టక్కున పెట్టేయడం నేర్చుకున్నారు. ఇప్పటికీ బీప్ దాకా ఆగరు. మళ్లీ చేస్తారు, మళ్లీ పెట్టేస్తారు, కొడుకు ఎత్తేదాకా అంతే. తెల్లారి లేచేసరికి ఫోన్లో తొమ్మిది మిస్డ్ కాల్స్. రాయించుకోమనండి, ఏ యంత్రంతో రాయించుకుంటారో!