పూలలో వెంట్రుక

తప్పుడు సాక్ష్యానికి సాక్షాత్తూ పరమేశ్వరుడే పూచీ పడ్డ ఊరు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందో లేదో గానీ, మన కోనసీమలో ఉంది. కొత్తపేట పక్కన పలివెల. స్వామి పేరు ఉమా కొప్పులింగేశ్వరుడు. స్థలపురాణం తెలిసిందే. పూజారిగారికి ఓ వేశ్య మీద మనసు. స్వామికి వెళ్ళాల్సిన పూలు ముందు ఆవిడ సిగలోకి వెళ్ళొచ్చేవి. ఓ రోజు రాజుగారికి ప్రసాదంగా ఇచ్చిన పూలలో పొడుగాటి వెంట్రుక కనబడింది. "ఏమిటిది?" అన్నాడు రాజు. "స్వామివారిదేనండి, వారికి కొప్పుంది" అన్నాడు పూజారి. "అయితే రేపొచ్చి చూస్తాను" అన్నాడు రాజు. పూజారి రాత్రంతా స్వామి కాళ్ళావేళ్ళా పడ్డాడు. భోళాశంకరుడు కరిగాడు. తెల్లారేసరికి లింగానికి కొప్పు మొలిచింది.

భక్తులకి ఇందులో స్వామి కరుణ కనిపిస్తుంది. కనిపించాల్సిందే. పోలీసు వార్తలు చదివి చదివి చెడిపోయిన నాలాంటివాడికి మాత్రం రాజుగారి తెలివితక్కువతనం కనిపిస్తుంది. తనిఖీకొస్తున్నానని ఒక రాత్రి గడువు ఇమ్మన్నదెవరు? పైగా ఆ రోజుల్లో అబద్ధానికి కొప్పు మొలవాలంటే దేవుడు దిగి రావలసి వచ్చింది. ఇప్పుడైతే స్టేషన్ రైటరు చాలు.

ఈ మధ్య మన వైపు ఏ టీ కొట్టు దగ్గర చూసినా పొద్దున్నే అంతర్జాతీయ పోలీసు మహాసభ జరుగుతోంది. కువైట్, మస్కట్, దుబాయ్, డాలస్ అన్నింటి నుంచీ ప్రతినిధులున్నారు మనకి. "కువైట్లో రోడ్డు మీద బంగారం పడేసినా ఎవడూ ముట్టుకోడండి" అంటాడు పదేళ్ళు డ్రైవరు పని చేసొచ్చినాయన. ఆ పదేళ్ళూ తన పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉందన్న సంగతి ఆ పూట చెప్పడు. "అమెరికాలో పోలీసుకి పది డాలర్లు ఇవ్వబోయావనుకో, నిన్నే లోపలేస్తాడు" అంటారు ఆర్నెల్లు మనవణ్ణి ఆడించి వచ్చిన మాస్టారు. "ఆయ్, జేబులో చెయ్యెడితే కాల్చేస్తాడు కూడా కదండీ?" అని వెనక బల్ల నుంచి ఓ గొంతు. మాస్టారికి టీ చల్లారిపోతుంది.

లెక్కలు తీస్తే సభకి ఇంకా హుషారు. 2022లో మన దేశంలో హత్యలు 28,522. అంటే లక్షమందికి రెండు. అదే ఏడు అమెరికాలో లక్షకి ఆరుపైన. జపాన్లో నాలుగు లక్షల మందికి ఒకటి. మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్ అనే చిన్న దేశంలో 2015లో లక్షకి నూరు దాటాయి. అగ్రరాజ్యాన్ని మూడింతల తేడాతో ఓడించామని తెలిసి మహాసభ మీసం దువ్వుతుంది. ఈలోగా ఎవడో పనిలేనివాడు ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ వారి 2024 అవినీతి పట్టిక చదువుతాడు. 180 దేశాల్లో మన స్థానం 96. మొదటిది డెన్మార్క్. కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత ఓ పెద్దాయన తేలుస్తాడు: "వాళ్ళకి సంక్రాంతి లేదు కదండీ, నిజాయితీగా ఉండక ఏం చేస్తారు!"

నిజమే, మన సంక్రాంతి చూడని నేరశాస్త్రవేత్తది సగం చదువే. కోడిపందెం నేరమని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం అంది. గుండాట, పేకాట నేరమని 1974 గేమింగ్ చట్టం అంది. ఆపి తీరాలని 2016 డిసెంబరులో హైకోర్టూ అంది. కాబట్టి ఏటా డిసెంబరు రాగానే కత్తులు కట్టేవాళ్ళ మీద బైండోవర్లు, కత్తుల స్వాధీనం, ఊరూరా మైకు హెచ్చరికలు, ఫ్లెక్సీలు. చట్టం తన పని తాను చేసుకుపోతుంది. భోగి పొద్దున్న బరుల దగ్గర షామియానాలు లేచేసరికి, చట్టం నిజంగానే ఎక్కడికో పోతుంది. మూడు రోజులపాటు లైట్లు, గ్యాలరీలు, నోట్ల కట్టలు అన్నీ కనిపిస్తాయి, ఖాకీ ఒక్కటే కనిపించదు. కనుమ దాటాక చట్టం సెలవు ముగించుకుని డ్యూటీలో చేరుతుంది.

ఈ విద్య మన ఒక్కరిదే అనుకుంటే గర్వం. న్యూయార్క్‌లో ఫ్రాంక్ సెర్పికో అనే పోలీసు, తోటివాళ్ళు జూదశాలల నుంచి నెలవారీ వాటాలు పంచుకుంటున్నారని బయటపెడితే 1970లో నాప్ కమిషన్ వేశారు. లంచగొండుల్లో రెండు జాతులున్నాయని ఆ కమిషన్ తేల్చింది. వేటాడి మాంసం తినేవాళ్ళు, ఎదురొచ్చిన గడ్డి మేసేవాళ్ళు. వేటగాళ్ళు కొద్దిమందే. అసలు జబ్బు గడ్డి మేసేవాళ్ళతోనే, వాళ్ళ మంద పెద్దది కాబట్టి లంచానికి మర్యాద వచ్చేస్తుంది అంది. ఈ ముక్క రాయడానికి అంత కమిషన్ దేనికో! పాస్‌పోర్టు వెరిఫికేషనుకొచ్చిన కానిస్టేబులు గురించి మన వీధిలో అడిగితే చెప్పేవారు: "చాలా మంచోడండి, నోరు తెరిచి అడగడు, మన సంతోషం కొద్దీ ఇస్తే పుచ్చుకుంటాడు." మన దగ్గర ఇంతకు మించిన నిజాయితీ సర్టిఫికెట్టు లేదు.

లంచం సంగతి సరే, ప్రాణాల మాటేమిటని అడిగితే మహాసభ ఎల్ సాల్వడార్‌కే ఓటేస్తుంది. 2022 మార్చిలో అక్కడి ప్రభుత్వం అత్యవసర పరిస్థితి పెట్టి, ముఠాలవాళ్ళని ఎనభై వేలమందికి పైగా జైల్లో వేసింది. దేశ జనాభా అరవై లక్షల పైచిలుకు. హత్యలు ఒక్కసారి పడిపోయాయి. "అలాంటి మొగాడు మనకీ కావాలండి" అంటారు అందరూ ఏకగ్రీవంగా. పట్టుకున్నవాళ్ళలో వేలమంది అమాయకులని తర్వాత ఆ ప్రభుత్వమే వదిలిపెట్టిన సంగతి తీర్మానంలో రాయరు. వాళ్ళు మన ఊరివాళ్ళు కాదుగా.

నిజానికి మనకి అరువు మొగాడు అక్కర్లేదు. 2019 డిసెంబరు 6న తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, పశువైద్యురాలి హత్య కేసులో పట్టుబడ్డ నలుగుర్నీ పోలీసులు కాల్చి చంపారు. తుపాకులు లాక్కుని తమ మీద కాల్చబోయారన్నారు. వంతెన మీద నుంచి జనం పోలీసుల మీద పూలు చల్లారు. మిఠాయిలు పంచారు. మన టీ కొట్టు దగ్గర కూడా ఆ పూట టీలు ఫ్రీ. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. పోలీసులు చెప్పిన కథ అల్లిందని, చంపాలనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్యానేరం విచారించాలని, చచ్చినవాళ్ళలో ముగ్గురు మైనర్లని అందులో ఉంది. అంటే, చల్లిన పూలలో వెంట్రుక దొరకడానికి రెండున్నరేళ్ళు పట్టింది. దొరికిందని మాత్రం ఎవరూ మిఠాయిలు పంచలేదు.

ఇక జపాన్. హత్యలు తక్కువ, లంచాలు అరుదు, కోర్టుకెక్కిన కేసుల్లో నూటికి తొంభైతొమ్మిదికి పైగా శిక్షలే. మాస్టారికి ఆ దేశమంటే ప్రాణం. అక్కడ 1966లో మీసో అనే సోయా ముద్ద తయారుచేసే ఓ ఫ్యాక్టరీ అధికారి కుటుంబంలో నలుగురిని చంపేస్తే, అదే ఫ్యాక్టరీలో పనిచేసే ఇవావో హకమాడాని పట్టుకున్నారు. రోజుల తరబడి కూర్చోబెట్టి ఒప్పించారు. ఏడాది దాటాక, సోయా ముద్ద ఊరేసిన తొట్టెలో రక్తం మరకల బట్టలు 'దొరికాయి'. ఉరిశిక్ష పడింది. ఏడాదికి పైగా మీసోలో ఊరిన బట్ట మీద మరక ఇంకా ఎర్రగా ఎలా ఉందన్నది ప్రశ్న. ఊరగాయ జాడీ మూత తీసిన అనుభవం ఉన్న అత్తగారెవరైనా ఆ పూటే తేల్చేసేవారు. కోర్టుకి 57 ఏళ్ళు పట్టింది. సాక్ష్యం దర్యాప్తు చేసినవాళ్ళు పుట్టించిందేనని 2024 సెప్టెంబరులో చెప్పి, 88 ఏళ్ళ ముసలాయన్ని నిర్దోషి అంది.

మన దగ్గర అంత జాప్యం లేదు. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని దారుణంగా హత్యకి గురైంది. పెద్ద పెద్ద పేర్లు వినబడ్డాయి. 2008లో నందిగామ వైపు ఓ పేద కుర్రాణ్ణి పోలీసులు పట్టుకున్నారు. నరాల జబ్బుతో నడవలేని అతన్ని చేతుల మీద మోసుకొచ్చిన ఫొటోలు పేపర్లలో చూశాం. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని వదిలి, లక్ష రూపాయలు ఇప్పించింది. ఎనిమిదేళ్ళ పైచిలుకు జైలుకి లక్ష. ఏడాదికి పన్నెండు వేలు కూడా పడలేదు. ఉపాధి హామీ పనికి వెళ్ళినా అంతకంటే ఎక్కువే వచ్చేది. ఆ ఆడపిల్లని చంపిందెవరన్న ప్రశ్న అక్కడే ఉంది.

కొప్పు మొలిపించిన దేవుడున్న జిల్లాలోనే, అంటే కోనసీమ ఇంకా తూర్పు గోదావరిలో ఉన్నప్పుడు, 2020 జులైలో సీతానగరం పోలీసు స్టేషన్లో ఒక దళిత యువకుణ్ణి కొట్టి గుండు గీసి, మీసం తీసేశారు. ఇసుక లారీల దగ్గర గొడవ అతని నేరం. ఇన్‌ఛార్జి ఎస్సైని సస్పెండ్ చేశారు, అరెస్టు కూడా చేశారు. ఆ కుర్రాడికి అది చాల్లేదు. నక్సలైట్లలో చేరడానికి అనుమతి ఇప్పించండని ఏకంగా రాష్ట్రపతికి ఉత్తరం రాశాడు. చట్టబద్ధంగా అడవికి వెళ్దామనుకున్న మొదటి మనిషి బహుశా అతనే. రాష్ట్రపతి భవన్ స్పందించింది. ఉత్తరాన్ని తగు చర్య కోసం మళ్ళీ మన రాష్ట్ర సచివాలయానికే పంపింది.

అసలు కీలకం ఇక్కడుంది. దేశాల మధ్య తేడా పోలీసుల గుణంలో లేదు. అన్ని దేశాల్లోనూ గడ్డి పచ్చగానే ఉంటుంది. ఫిర్యాదు కాగితం ఎవరి బల్ల మీద ఆగుతుందన్నదే తేడా. హాంగ్‌కాంగ్‌లో 1973లో పీటర్ గాడ్బర్ అనే పోలీసు చీఫ్ సూపరింటెండెంట్ దగ్గర జీతానికి పొంతన లేని 43 లక్షల హాంగ్‌కాంగ్ డాలర్లు తేలాయి. ఎక్కడివో వారంలో చెప్పమన్నారు. పలివెల రాజుగారు ఒక్క రాత్రే ఇచ్చాడు, వీళ్ళు ధారాళంగా వారం ఇచ్చారు. ఆయన ఆ వారంలో విమానమెక్కి లండన్‌లో దిగాడు. జనం వీధుల్లోకొచ్చారు. 1974లో అవినీతి కేసులని పోలీసుల చేతిలోంచి లాగేసి, గవర్నరుకి మాత్రమే జవాబు చెప్పే కొత్త సంస్థ పెట్టారు. గాడ్బర్‌ని వెనక్కి తెచ్చి జైల్లో వేశారు. 1977లో పోలీసులే ఆ సంస్థ ఆఫీసు మీద పడి కొట్టారు. పాత తప్పులు చాలావరకు క్షమించాల్సి వచ్చింది గానీ సంస్థ నిలబడింది. సింగపూర్‌కి ఈ తెలివి ముందే వచ్చింది. 1951లో దొంగ నల్లమందుని కొట్టేసిన ముఠాలో డిటెక్టివులే తేలారు. మరుసటి ఏడే విడి సంస్థ పెట్టేశారు.

మనకీ ఉంది. పోలీసుల మీద ఫిర్యాదులు వినే విడి సంస్థ ప్రతి రాష్ట్రంలో పెట్టమని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లో ఆదేశించింది. మన రాష్ట్రంలో దానికి చైర్మన్‌ని వేసేసరికి 2021 వచ్చింది. ఆయనకి వయోపరిమితి దాటిపోయిందని హైకోర్టు అదే ఏడు ఆ నియామకాన్ని ఆపింది. పదిహేనేళ్ళు ఎదురుచూస్తే ఎవరికైనా వయసు మీరుతుంది.

కాబట్టి మహాసభకి నాదో సవరణ. మనల్ని డెన్మార్క్‌తో, కువైట్‌తో పోల్చకండి. 1855తో పోల్చండి. గోదావరి జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఆ ఏడు, తాసీల్దార్లూ పోలీసులూ జనాన్ని హింసిస్తున్నారా అని కంపెనీవారు వేసిన కమిషన్ నివేదిక ఇచ్చింది. కళ్ళలో కారం, చెక్కల మధ్య వేళ్ళు, మెడని కాళ్ళకి కట్టి ఎండలో నిలబెట్టడం, అన్నీ నిజమేనని కమిషన్ రాసింది. అంతకంటే బాధ కలిగించింది ఇంకొకటుందంది. రైతు ఎంతో దూరం నడిచి, ఖర్చు పెట్టుకుని కలెక్టరుకి అర్జీ పెట్టుకుంటాడు. దాని మీద 'తాసీల్దారుకి పంపడమైనది' అని రాసి తిప్పి పంపుతారు. ఆ తాసీల్దారే పోలీసధికారి కూడా. కొట్టించింది ఆయనే. కార్ల్ మార్క్స్ ఆ నివేదిక చదివి 1857లో న్యూయార్క్ పేపర్లో వ్యాసం రాశాడు. ఆయన శిష్యులు ప్రపంచమంతా ఎన్నో మార్చారు గానీ, ఆ ఎండార్స్‌మెంటుని మాత్రం ఎవరూ కదపలేకపోయారు.

నమ్మకపోతే పరీక్షించుకోండి. సోమవారం జిల్లా పోలీసు ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు. రసీదు ఇస్తారు, నంబరిస్తారు, ఫోన్‌కి మెసేజీ కూడా వస్తుంది. 1855లో ఈ సౌకర్యాలు లేవు, అభివృద్ధి కాదనలేం. ఏ ఎస్సై మీదైనా ఒక కాగితం పెట్టి ఇంటికి రండి. వారం తిరక్కుండా స్టేషన్ నుంచి పిలుపొస్తుంది. వెళ్తే ఎస్సైగారే కుర్చీ చూపించి టీ చెప్పిస్తారు.

"రండి రండి, కూర్చోండి. మీ అర్జీ ఎంక్వైరీ నాకే వేశారు. ఇందులో నా పేరు తప్పు రాశారండీ, ముందు అది సరిచేద్దాం."